రెండు బొగ్గులు

చిన్నాయినకు వందనాలు.

ఈ ఉత్తరం మన చర్చి క్యాంపు కమిటీ పెద్దకు రాస్తున్నాను కాబట్టి మీరు అంటున్నాను.

కడెం దగ్గర ఆడపిల్లల క్యాంపుకని నేను చేసిన నీళ్ల ఫిల్టర్‌లోంచి నల్లనీళ్లు కారిన మాట నిజమే. నేను చూసి చేసిన పుస్తకంలో ఇసుక, కంకర, బొగ్గు అని రాసి ఉంది. మందమర్రిలో పుట్టినదాన్ని. మా ఇంట్లో బొగ్గంటే బాపు గనిలోంచి తీసేదే. అదే దంచి పోశాను. కట్టెబొగ్గు అని పుస్తకం చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ నీళ్లు ఎవరూ తాగలేదు. అయినా మీరు అందరి ముందర, "మా అన్న బొగ్గుబాయిల పనిచేస్తడు, ఆయన బిడ్డకు బొగ్గే తెల్వకపాయె!" అని నవ్వారు. క్యాంపు నడిపే పని నా దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి అప్పజెప్పి, నీళ్ల క్యాన్లు కొంటామన్నారు.

నేను అప్పజెప్పను.

ఇస్త్రీ బండి కనకవ్వ దగ్గర కట్టెబొగ్గు తెచ్చాను. "గీ బొగ్గుతోని బట్టల ముడతలు పోతయి గని, నీళ్ల మురికి పోతదా బిడ్డా?" అని ఆమె కూడా నవ్వింది. దంచి, నలుపు పోయేదాకా కడిగి, చిల్లు పెట్టిన బకెట్‌లో కంకరకూ ఇసుకకూ మధ్య పరిచి, కొమ్మకు వేలాడదీశాను. వాగునీళ్లు పోస్తే కింద బిందెలోకి తేటగా దిగాయి. మరగబెట్టి మొదటి గ్లాసు నేను తాగాను. రెండోది కనకవ్వ అడిగి తాగింది.

శుక్రవారం పిల్లలతో బయలుదేరుతున్నాను. క్యాన్ల బండి మా వెంట రావద్దు.

ఇక నువ్వు అంటున్నాను చిన్నాయినా. నువ్వు రా. గ్లాసు నీ చేతికే ఇస్తాను. తాగినంక కూడా నవ్వొస్తే అందరి ముందరే నవ్వు.

ఇట్లు,
రెండు బొగ్గులూ తెలిసిన
నీ అన్న బిడ్డ