తాలూకా కచేరీ ముందు ఆమెన్

గురజాల,
14-3-1962

అమ్మకు వందనాలు.

నేను క్షేమం. కచేరీ దగ్గర పోలీసులు లాఠీలతో కొట్టారని అక్కడిదాకా పుకారు చేరిందట. నమ్మవద్దు, ఎవరికీ దెబ్బ తగలలేదు. సున్నపు బట్టీల దుమ్ము మంచినీళ్ల బావిలో పడుతున్నదని మొన్న ఊరంతా వెళ్లాం. కొందరు రాళ్లు కూడా పట్టుకున్నారు. అర్జీ రాసింది నేనే కనుక చదవమని పక్కింటి సుందరత్త నన్ను ముందుకు తోసింది. నా గొంతు ఎంత సన్ననిదో నీకు తెలుసు.

"ఏందే, ఈగకన్నా వినపడద్దా? ఒరేయ్, మీరు నోళ్లు మూయండి!" అని అత్త అరిచింది. అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. ప్రార్థనలో అలవాటు కొద్దీ మనవాళ్లు ఒక్కొక్క మాటకూ "ఆమెన్" అన్నారు. రోజూ రామాలయానికి వెళ్లే కిరాణా కొట్టు రాజ్యలక్ష్మిగారూ అన్నారు. చదవడం అయ్యేసరికి రాళ్లు నేలమీద ఉన్నాయి. తహసీల్దారుగారు కుర్చీలోంచి లేచి నిలబడి, సోమవారం వచ్చి బావి చూస్తానన్నారు.

ఆ నీళ్లకు పిన్ని పాపకు పట్టుకున్న వాంతులు తగ్గాయి. నీళ్లు వడగట్టడానికి నాన్న పాత పంచె ఒకటి పంపు. గేదె ఈనిందా?

సోమవారమూ నేనే చదవాలట. గొంతుకు మిరియాలు, పటికబెల్లం పంపమని రాయబోతే అత్త వద్దన్నది. "గట్టిగా చదివితే ఎవురూ వినరే. అట్టాగే చదువు" అంటున్నది.

ఆ రోజు నాన్నను, నిన్ను ప్రార్థన చేయమని కోరుతూ,

దయామణి