సీరియస్సా, క్రిటికలా

పూజ్యురాలైన పెద్దమ్మ సముఖానికి,

నమస్కారాలు. ఫోన్ చేస్తే నా గొంతు వెనక పెదనాన్న దగ్గు వినపడుతుందని నువ్వు ఫోనే ఎత్తవు కనుక, ఈ ఉత్తరం మన ఊరి బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. పెదనాన్నను ఆసుపత్రిలో చేర్చాను. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పెద్ద డాక్టరు "సీరియస్" అన్నాడు.

నీ కుట్టుమిషన్‌ని నీకు చెప్పకుండా పాత ఇనుముకు వేసినందుకు నువ్వు ఆయన మొహం చూడనని ఒట్టు పెట్టుకుని పుట్టింట్లో కూర్చున్నావు. న్యాయమే. మిషన్ ఎలాగూ తిరిగి రాదు. ఈయన కూడా రాకపోవచ్చు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళు.

విధేయుడు,
నీ మరిది కొడుకు, డిగ్రీ పాస్

తా.క. ఆయన చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. కుట్టేవాళ్ళు లేరు. ఇది నిష్ఠూరం కాదు, సమాచారం.

●

ఒరేయ్ పండితుడా,

ఆశీస్సులు. నా ఒట్టును సగమే గుర్తుపెట్టుకున్నావు. "ప్రాణం మీదికి వస్తే తప్ప మీ మొహం చూడను" అన్నాను. సీరియస్ అంటే ప్రాణం మీదికి వచ్చినట్టా, రానట్టా? మీ పెదనాన్న పంటినొప్పిని కూడా సీరియస్ అనేవాడు. ఒకసారి జలుబు చేస్తే, తను పోయాక గొడుగు ఎవరికివ్వాలో చెప్పాడు. అంత చదివావు కదా, తేల్చి రాయి. అందాకా నేను కదలను.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. గురక పెడుతున్నాడా? పెడుతుంటే భయం లేదు.

●

న్యాయాధిపతితో సమానురాలైన పెద్దమ్మకు,

నిన్న సాయంత్రం పంపిన ఉత్తరానికి ఇవాళ పొద్దున్నే జవాబు వచ్చింది. మన డ్రైవరు బస్సును నడుపుతున్నాడో, ఎగరేస్తున్నాడో తెలియడం లేదు.

తేల్చమన్నావు కాబట్టి తేలుస్తున్నాను. సీరియస్ అంటే జబ్బు పెద్దదని. క్రిటికల్ అంటే జబ్బు మాట తర్వాత, ముందు ఈ పూట గడవాలని. మధ్యలో స్టేబుల్ అని ఒకటుంది. అంటే బాగుందని కాదు, ఇంకా పాడవలేదని. నిజంగా బాగుపడేవాణ్ణి ఇంప్రూవింగ్ అంటారు. ఆ మాట మా వార్డులో నేనింకా వినలేదు. ఎదుటి మంచం తాత వారమంతా స్టేబుల్‌గా ఉన్నాడట, నిన్న రాత్రి స్టేబుల్‌గానే పోయాడు.

ఈ లెక్కన పెదనాన్న సీరియస్ మాత్రమే. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ఒరే, క్రిటికల్ అని రాసెయ్యరా, వస్తుంది" అని బతిమాలాడు. "చదువుకున్నవాణ్ణి, కాని మాట రాయలేను పెదనాన్నా" అన్నాను. "నీ చదువు తగలెయ్య" అని గోడవైపు తిరిగాడు.

సత్యసంధుడైన,
నీ మరిది కొడుకు

తా.క. గురక ఉంది, వార్డుకంతా సరిపోతోంది. క్యాంటీన్‌కి వెళ్ళొచ్చేసరికి ఎవరో నర్సు ఆయన జేబు కుట్టేసింది. చెయ్యి కాదది, మిషనే. ఎవరని అడిగితే పెదనాన్న నవ్వాడు. వెంటనే దగ్గొచ్చింది.

●

ఒరేయ్ సత్యసంధుడా,

వివరణ అందింది. సీరియస్ మాత్రమే కాబట్టి రాను. ఆ నర్సెవరో ఆరా తీయకు, పాపం ఎన్ని పనుల్లో ఉంటుందో. క్యాంటీన్‌లో తొందరపడి తినకు. నిదానంగా కూర్చో. కుర్రాడివి, నీకూ కాస్త గాలి తగలాలి.

ఇట్లు,
మాట మీద నిలబడే నీ పెద్దమ్మ

తా.క. ఎత్తు దిండు తీసి పల్చటిది పెట్టావు. మార్చు, ఊపిరాడదు.

●

పెద్దమ్మా,

డాక్టరు ఇందాక ఆ మాట అనేశాడు. క్రిటికల్. "సీరియస్ కదండీ?" అన్నాను. "నిన్నటిదాకా" అన్నాడు.

ఆయన ఎదురుగా ఈ మాట రాయడానికి చెయ్యి రాక, కిందికొచ్చి క్యాంటీన్ బల్ల మీద రాస్తున్నాను. పాపం, రాయమని ఆయన ముందే అడిగాడు. నేనే ఒక్క పదం దగ్గర బిగుసుకు కూర్చున్నాను. ఇప్పుడొస్తే నీ ఒట్టు తప్పినట్టు కాదు. బయల్దేరు.

నీ మరిది కొడుకు

తా.క. గురక లేదు.

●

నాయనా,

నీ ఉత్తరం బస్సెక్కలేదు, మెట్లెక్కింది. డ్రైవరు నీ దగ్గర తీసుకుని నేరుగా పైకి తెచ్చి నా చేతికిచ్చాడు.

నీ మొదటి ఉత్తరం తెచ్చిన బస్సులోనే నేనూ వచ్చేశాను. కింద కాన్పుల వార్డు వరండాలో ఉంటున్నాను. ఎవరి అమ్మమ్మో అనుకుని నన్నెవరూ అడగలేదు. నువ్వు క్యాంటీన్‌లోకి వెళ్ళగానే పైకొచ్చేదాన్ని. ఒట్టు తప్పానని తెలిస్తే నువ్వు ఊరంతా చాటుతావని ఆ జవాబులు రాశాను. మీ పెదనాన్న కూడా నోరు మెదపలేదు. ఇన్నేళ్ళలో నా మాట విన్నది ఇదొక్కటే.

నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఇప్పటికి రాశాడా వెధవ" అన్నాడు. తర్వాత "ఆ మిషన్..." అని మొదలుపెట్టాడు. "అది ఎప్పుడూ దారం తెంపేది లెండి" అన్నాను. నేను కుట్టిన ఆయన జేబు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కాసేపటికి చొక్కా కదలడం ఆగిపోయింది.

నేను ఉన్నాను. నువ్వు దిగులు పడకు.

పెద్దమ్మ

తా.క. కాగితం మీద ఎక్స్‌పైర్డ్ అని రాసి నా చేత సంతకం పెట్టించారు. దానికీ చచ్చిపోవడానికీ తేడా ఏమిటో రాయడానికి కూర్చోకు. పైకి రా.