పూలకు ఆరు గంటల నీళ్ళు

హోసూరు

అన్నకు చెల్లెలు శైలజ నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసా. నువ్వు, వదిన, అమ్మ కూడా కులాసాగా ఉన్నారన్న ధైర్యంతో రాస్తున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? ఫోన్‌లో అయితే నువ్వు "సరే, సరే" అని పెట్టేస్తావు, అందుకే కాగితం పట్టుకున్నాను.

హోసూరు చలి మన కల్లావి వాళ్ళకు అలవాటయ్యేది కాదు. హాస్టల్ సాంబారు తీపి. ఆదివారం ఒక్కదాన్నే ఉంటే ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు.

నా పనేమిటని వదిన అడిగింది కదా. ఏళ్ళ కిందట ఎవరో రాసి మూలన పడేసిన ప్రోగ్రాములను తీసి, కొత్త కంప్యూటర్లలో నడిచేట్టు కంటైనర్‌లో సర్దాలి. కంటైనరంటే లారీ మీద పోయే ఇనుప పెట్టె కాదు. జాతరకు పోయేటప్పుడు అమ్మ ఉప్పు, చింతపండు దగ్గర్నుంచి అన్నీ మూట కడుతుందే, పోయినచోట ఎవరినీ అడగకుండా, అట్లాంటిది. పాత ప్రోగ్రాముకు ఏమేం కావాలో వెతికి, అన్నీ దానితోపాటే కట్టాలి.

నాకిచ్చిన మొదటిది ఇక్కడికి దగ్గరి తళి ఊరి రోజా రైతులది. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పు వేసిన పూలతోటలో, తెల్లవారి ఆరింటికి దానంతటదే నీళ్ళు వదిలే ప్రోగ్రాము. వాళ్ళ పాత కంప్యూటర్ పన్నెండేళ్ళ కిందటే చచ్చిపోయి, ప్రోగ్రాము మూలన పడింది. ఇది నడిస్తే నాకు ఉద్యోగం ఖాయం, లేకుంటే కల్లావి బస్సే.

పది రోజులు కుస్తీ పట్టాను. ప్రోగ్రాముతోపాటు కంప్యూటర్లోనే కొన్ని కాగితాలు, అంటే ఫైళ్ళు ఉంటే, పనికిరావనుకుని అన్నీ తీసి పక్కన పెట్టాను. చివరికి తెర మీద "ఆరు గంటలు, నీళ్ళు వదులుతున్నాను" అని పడింది. పన్నెండేళ్ళు పడుకున్నది నిన్న రాత్రే పడుకున్నట్టు లేచింది, అన్నా.

చూడడానికి వచ్చిన రైతు వెంకటప్ప మాత్రం గోడ గడియారం చూశాడు.

"అమ్మా, ఈడ పదకొండున్నర అయింది. ఈ ఎండలో నీళ్ళు వదిల్తే నా రోజాలు ఏమైపోవాలమ్మా?"

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కంటైనర్ లోపలి గడియారం మన దేశానిది కాదు, ఐదున్నర గంటలు వెనక. రైతుబిడ్డనై ఉండీ పొద్దు చూసుకోలేదు. పక్కన పెట్టిన కాగితాలు మళ్ళీ తెరిచాను. ఒకదాంట్లో ఇంగ్లీషు అక్షరాలతో మన మాటే ఉంది: "పెట్టె మార్చినాక ముందు గడియారం చూసుకోండప్పా. ఎండెక్కినాక తడిపితే మొగ్గ మాడిపోతుంది." పెట్టె అంటే కంప్యూటరే. రాసినవాళ్ళ పేరు లేదు. పన్నెండేళ్ళ ముందే నా తప్పు చూసినవాళ్ళెవరో!

గడియారం సరిచేసి, ముందురోజు సాయంత్రమే తళి బస్సెక్కి వెంకటప్ప వాళ్ళింట్లో పడుకున్నాను. తెల్లవారి పాలీహౌస్‌లో ఆయనా నేనూ గడియారం చూస్తూ నిలబడ్డాం. సరిగ్గా ఆరింటికి, ఎవరూ ముట్టుకోకుండానే, వరుసలన్నిటి మీదా సన్నగా నీళ్ళు పడ్డాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తల మీది తువాలు తీసి చేత పట్టుకున్నాడు.

ఉద్యోగం ఖాయమైంది. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే రాగిపిండి, ఊరమిరపకాయలు పంపండి. పెద్దమ్మను అడిగానని చెప్పు. అమ్మ చేయి నా తల మీద ఉన్నట్టే అనుకుంటున్నాను.

ఆ కాగితాన్ని ఈసారి ప్రోగ్రాముతోపాటే మూటలో కట్టాను. దాని కింద నేనూ ఒక్క ముక్క రాశాను: "చూసుకున్నాను."

నీ చెల్లెలు
శైలజ