కారుకు పూసిన వ్యాక్స్

వదినగారికి మీ మరదలు నమస్కారాలతో రాస్తున్నది,

మీరు చెప్పినట్టే కారు అమ్మేద్దామని ఆదివారం పొద్దున కడగడం మొదలుపెట్టాను. మీ తమ్ముడి సంగతి తెలిసిందేగా! విరిగిన భుజానికి కట్టు విప్పినా కుడిచెయ్యి ఎత్తరు. డాక్టరు చెప్పిన వ్యాయామాలంటే ముఖం తిప్పుకుంటారు. “ఇక నేను కారు నడిపినట్టే” అని ఒకటే నిట్టూర్పు.

నేను గిన్నెల సబ్బు, పీచు పట్టుకున్నానో లేదో, పరుగున బయటికొచ్చారు.

“అదేమన్నా మాడిన మూకుడనుకున్నావుటే? రంగంతా గీరుకుపోతుంది!”

“అంత ప్రేముంటే మీరే తుడుచుకోండి.”

మెత్తటి గుడ్డ తెమ్మన్నారు. మట్టి పోయేదాకా నాచేత నీళ్లు పోయించి, తడి ఒత్తి, ఎడమచేత్తోనే పాలిష్ పట్టారు. వ్యాక్స్ పూస్తూ, ఊపులో మరిచిపోయారో ఏమో, పైకప్పు దగ్గరికొచ్చేసరికి కుడిచెయ్యి లేచింది. పళ్లు బిగబట్టారు గానీ దించలేదు. నేను చూడనట్టే బకెట్ కడుగుతూ కూర్చున్నాను. కళ్లు మాత్రం నా మాట వినలేదు వదినా.

కారు కొంటానన్న మీ ఆఫీసు ఆయనకు మీరే ఎలాగో సర్దిచెప్పండి. ఇవాళ మీ తమ్ముడు పక్కింటాయన కారు మీద దుమ్ము చూసి, గుడ్డ భుజాన వేసుకుని వాళ్ల గేటు తీస్తున్నారు. నేను ఆపలేదు.

మీ మరదలు