సుత్తి చేతిలో ఉన్నవాళ్ళదే మాట

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయబోతే కలం కాసేపు ఆగింది. అయినా రాస్తున్నాను, క్షేమమే. నాన్న మన బైండింగ్ షాపు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టారు. నువ్వు కంగారుపడి బయల్దేరకు.

"నా కథ గురించి ఎవరేమన్నారో ఒక్క మాట దాచకుండా రాయి" అన్నావు. ఎప్పటిలాగే రాసిందెవరో చెప్పకుండా నేనే చదివాను. షాపులో జరిగే మన ఆదివారం కథల సభ పద్ధతి నీకు తెలిసిందే, పుస్తకాల వెన్ను కొట్టే సుత్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. వీధిలోవాళ్ళు దీన్ని సుత్తి సభ అని ఊరికే అనరు.

ముందు లెక్కల మాస్టారు అందుకున్నారు. మొగుడు పెళ్ళాన్ని కొట్టే ఘట్టం ఆయనకు తెగ నచ్చింది. "వాక్యాలు పొట్టిగా, దెబ్బల్లా పడ్డాయి. శిల్పమంటే ఇదీ" అన్నారు.

ప్లీడరు గుమాస్తా ఒప్పుకోలేదు. "శిల్పం ఎవడిక్కావాలండీ? ఆ మొగుడు అలా ఎందుకు తయారయ్యాడు? బయట వాణ్ణి ఎవరు తొక్కారు? అది చెప్పని కథ కథే కాదు" అని సుత్తితో బల్ల మీద ఒక్కటిచ్చాడు. మాస్టారు సుత్తి లాక్కోబోయారు. చొక్కాలు పట్టుకున్నారు. గుమాస్తా ముక్కు పగిలింది, జిగురు డబ్బా మాస్టారి నెత్తిన బోర్లా పడింది. ఆడమనిషి దెబ్బలు తినే కథ కోసం ఇద్దరు పెద్దమనుషులు తన్నుకుంటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాన్న ఇద్దర్నీ విడదీసి సుత్తి తీసుకున్నాడు. "రాసినవాడికి సంసారం తెలీదు. చీపురు విరిగేదాకా ఎవడు కొడతాడయ్యా? అంతా అతి" అన్నాడు.

మూలన కూర్చుని పుస్తకాలు కుడుతున్న అమ్మ లేచి వచ్చింది. ఆమె ఏనాడూ సుత్తి అడగలేదు.

"ఇలా ఇవ్వండి. నేనూ చెప్తాను."

"నీకేం తెలుసు? పోయి పని చూసుకో."

అమ్మ ఆయన చేతిలోంచి లాక్కుంది. "ఇది రాసింది నా కొడుకే. వాడు అతిగా ఏం రాయలేదు, తగ్గించి రాశాడు. ఆ రోజు చీపురుతోపాటు నా పక్కటెముక కూడా విరిగింది. కథలో అబద్ధం ముగింపు ఒక్కటే" అంది.

ఇక దాచలేను తమ్ముడూ. నాన్న మెట్ల మీద జారలేదు. అందరి ముందూ అమ్మను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. కనుబొమ చిట్లి రక్తం కారింది. మళ్ళీ చెయ్యెత్తాడు. అమ్మ ఆ చేతి మీదే సుత్తితో కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నేను పక్కనే ఉన్నాను, అయినా ఆపలేదు. ఇంకోటి పడితే బాగుండుననిపించింది. కన్నతండ్రి గురించి ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అనిపించింది అదే.

ఇప్పుడు నేనూ అమ్మా షాపు పైగదిలో ఉంటున్నాం. అమ్మ సుత్తిని దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. నీ కథ చివర ఆమె కళ్ళు తుడుచుకుని మొగుడికి అన్నం వడ్డిస్తుంది కదా, అది మార్చమంది. ఎలా మార్చమంటావమ్మా అని అడిగాను.

"వడ్డించలేదని రాయమను. చాలు" అంది.

ఇట్లు,
కథ మళ్ళీ చదవబోయే
నీ అక్క