జాబ్ కార్డులో చివరి లైను కొట్టివేయించుట గురించి

తేది: 25-08-2025, సోమవారం
వనపర్తి

శ్రీయుత జిల్లా కలెక్టర్ గారికి,
ప్రజావాణి, వనపర్తి జిల్లా.

అర్జీదారు: ఖాజా మియా, తండ్రి మర్హూం (కీ.శే.) ఇమామ్ సాబ్, వయస్సు 61 సం.లు, రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు, నివాసం ఖిల్లా ఘణపూర్.

అయ్యా,

విషయం: వారంటీ ఉన్న నా కారులో లోపం వెతుకుటకు షోరూం వారు మూడు పర్యాయములు చెకింగ్ చార్జీ తీసుకొని, లోపం కనుగొనక, చివరకు తప్పు నాదేనని జాబ్ కార్డులో (షోరూం వారి రిపేరు చీటీలో) రాసినందున, సదరు లైను కొట్టివేయించుట గురించి.

పై విషయమును తమ దృష్టికి తెచ్చుచు, ఈ దిగువ సంగతులు వరుసగా విన్నవించుకొనుచున్నాను. షోరూం పేరు, బిల్లు నంబర్లు జత చేసిన కాగితములలో ఉన్నవి. ఇక్కడ రాయుట లేదు.

1. నేను ఇరవై ఏడు సంవత్సరములు బస్సు నడిపినాను. నా చక్రం కింద మనిషి గాని మేక గాని పడలేదు. రిటైరైన రోజున శాలువా కప్పి ఒక ప్రశంసా పత్రం ఇచ్చినారు. వచ్చిన సొమ్ములో కొంత పెట్టి 2024 ఫిబ్రవరిలో సదరు కారు కొన్నాను. వారంటీ మూడు సంవత్సరములు. మా వీధిలో ఈదమ్మ అనే ఆమెకు రెండు కిడ్నీలు పాడైనవి. మంగళ, శుక్రవారములలో వనపర్తి దవాఖానకు పోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవలెను. పోయేటప్పుడు కూర్చోగలదు గాని, వచ్చేటప్పుడు ఆమెకు వెనుక సీటు మొత్తం కావలెను. ఆమె కూతురు స్వరూప ముందు సీటులో కూర్చుంటుంది. రానుపోను వారిని నేనే తీసుకుపోవుచున్నాను.

2. ఈ సంవత్సరం ఏప్రిల్‌లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, దవాఖాన నుండి తిరిగి వచ్చునప్పుడు నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోయినది. చప్పుడు లేదు, పొగ లేదు, మీటరు మీద ఎర్ర దీపం కూడా వెలగలేదు. చుట్టుపక్కల చెట్టు లేదు. స్వరూప దవాఖాన ఫైలుతో తల్లికి విసురుతూ కూర్చున్నది. అరగంట తర్వాత తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టయినది.

మరునాడు షోరూంకు పోయినాను. అక్కడ శ్రవణ్ కుమార్ అనే అతను కౌంటర్లో కూర్చుంటాడు. మర్యాద గల పిల్లవాడు, కుర్చీ వేసినాడు. కంప్యూటర్ పెట్టి చూచుటకు పన్నుతో కలిపి 1,770 రూపాయలు అవుతుందని చెప్పినాడు. వారంటీ ఉన్న బండికి చార్జీ ఏమిటని అడిగినాను.

“రిపేరుకు వారంటీ ఉంటది సార్. ఏం రిపేరో చూసుడుకు వారంటీ ఉండది” అన్నాడు.

లోపం దొరికితే ఆ చార్జీ ఉండదట. దొరకకపోతే కట్టవలెనట. అనగా వారు కనిపెడితే నాకు ఉచితం, కనిపెట్టలేకపోతే నాకు ఖర్చు. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇరవై నిమిషములు వైరు తగిలించి చూసి, ఏమీ లేదన్నారు. కట్టినాను.

3. మే నెలలో మళ్లీ రెండు పర్యాయములు ఆగినది. ఈసారి బాగా గమనించుకొని పోయినాను. ఇరవై కిలోమీటర్లు నడిచి ఇంజను వేడెక్కి కాలినప్పుడే ఆగుతుందని, ఎవరైనా నాతో ఘణపూర్ దాకా వచ్చి తిరిగి వస్తే కళ్లారా చూడవచ్చునని చెప్పినాను. రోడ్డు మీద నడిపి చూచుటకు మూడు కిలోమీటర్లే అనుమతి ఉన్నదట. పొద్దుటి నుండి కారును రేకుల షెడ్డు నీడలో పెట్టి, సాయంత్రం చల్లబడిన తర్వాత మూడు కిలోమీటర్లు నడిపి, ఏమీ లేదన్నారు. జ్వరం తగ్గిన తర్వాత చేయి పట్టుకొని చూసినట్టు ఉన్నది వారి పని. మళ్లీ కట్టినాను.

4. జూలై మొదటి వారంలో జరిగినది రాయుటకు నాకు చేయి రావడం లేదు, అయినా రాయవలెను. మూలమలుపు వద్ద ఇంజను ఆగినది. వెనుక ఇసుక లారీ వస్తున్నది. నేను పక్కకు దింపేలోపు లారీ అతను బ్రేకు మీద నిలబడినాడు, కారుకు మూరెడు దూరంలో ఆగినాడు. కారును పక్కకు తిప్పిన కుదుపుకు వెనుక సీటులో పడుకున్న ఈదమ్మ కిందికి జారి పడినది. సూదులు గుచ్చిన చేతికి దెబ్బ తగిలి కట్టు తడిసినది. సర్వీసులో ఉండగా ఒక్కనాడూ అట్లా కాలేదు.

మూడవసారి షోరూంకు పోయినాను. మూడవసారి చార్జీ కట్టినాను. జాబ్ కార్డు ఇంగ్లీషులో ఉండుటచేత ఇంటికి తెచ్చి మా అమ్మాయి సుహానాకు ఇచ్చినాను. ఒక్కొక్క లైను చదివి అర్థం చెప్పుతూ, చివరి లైను వద్ద కాగితం మడిచినది. అదేమిటని అడిగితే, “గదేం లేదబ్బా, ఊకెనే రాసిండ్రు” అన్నది. (ఆమె ఉర్దూలో అన్నది. నేను తెలుగులో రాసినాను.) నేను కాగితం చేతిలోకి తీసుకొని వేలు పెట్టి అడిగితే అప్పుడు చెప్పినది. “వాహనంలో లోపం లేదు. డ్రైవరు నడిపే తీరు వలన ఇంజను ఆగుచున్నది.”

ఆ పూట అన్నం ముందు కూర్చొని లేచినాను. మా ఇంటామె సకీనాబీ పళ్లెం మీద మూత పెట్టినది.

5. షోరూం వారు ఏమన్నారని మరునాడు స్వరూప అడిగినది. నాకు అబద్ధం చెప్పుట రాదు, ఉన్నది చెప్పినాను. ఆమె తల వంచుకొని, “చిచ్చా, ఏమనుకోకు. అమ్మను జర కొన్ని దినాలు ఆటోల తీస్కపోత” అన్నది. నేను ఆమెను తప్పు పట్టను. నా తల్లి అయితే నేను కూడా అట్లనే అందును. ఆ తర్వాత మంగళవారం పొద్దున మా గుమ్మం ముందు నుండే ఆటో పోయినది. ఈదమ్మ పైకడ్డీ పట్టుకొని వంగి కూర్చున్నది. ఆ రోడ్డు గుంతలు తమరికి తెలియనివి కావు.

6. మా ఊరి మెకానిక్ రాజుకు సంగతి చెప్పినాను. కంప్యూటర్ లేదు, అతని వద్ద ఉన్నది ఒక పానాల పెట్టె. ఒక మధ్యాహ్నం అతనిని పక్కన కూర్చోబెట్టుకొని వనపర్తి దాటి బిజినేపల్లి రోడ్డు మీద కారు ఆగేదాకా నడిపినాను. ఆగినది. రాజు బానెట్ లేపి, గుడ్డ తడిపి, ఇంజను పక్కన వేలెడంత వస్తువు మీద పరిచినాడు. రెండు నిమిషములకు స్టార్టు చేయమన్నాడు. అయినది. నమ్మకం కొరకు మరల కాలేదాకా నడిపినాము, మరల ఆగినది, మరల తడిగుడ్డ వేస్తే నడిచినది.

“ఇంజన్ తిరుగుతుందో లేదో బండికి చెప్పే సెన్సార్ సాబ్ ఇది. కాలితే చెప్తలేదు, సల్లవడితే చెప్తుంది” అన్నాడు. కాని మార్చమంటే చేయి వెనుకకు తీసుకున్నాడు. తాను ముట్టుకుంటే వారంటీ పోతుందని, ముందు షోరూం వారికి చూపమని చెప్పినాడు.

ఫోన్లో తీసిన వీడియో పట్టుకొని శ్రవణ్ కుమార్ వద్దకు పోయినాను. రెండుసార్లు చూసినాడు. అతనికి అర్థమైనదని ముఖం చూస్తేనే తెలిసినది. అయినా, వారి కంప్యూటర్లో కనిపించనిది కంపెనీ ఒప్పుకోదని, నాలుగవసారి చెకింగ్‌కు రాయమంటే రాస్తానని, బయట చేయి పడితే ఇంజను వారంటీ మొత్తం రద్దవుతుందని చెప్పినాడు. రోగం తెలిసినది, మందు తెలిసినది. వేసేవారు వేయరు, వేసుకుంటే నేరం. నేను నాలుగవసారి రాయించలేదు. ఓపిక లేక తిరిగి వచ్చినాను.

7. జూలై ఆఖరు వారంలో ముసురు పట్టినది. మంగళవారం ఆటో రాలేదు, ఈదమ్మకు దవాఖాన తప్పినది. శుక్రవారం, ఒకటవ తేదీ, తెల్లవారి ఆరు గంటలకు స్వరూప తడుస్తూ మా తలుపు కొట్టినది. తల్లికి మొఖం, కాళ్లు ఉబ్బినవని, పడుకుంటే ఊపిరి ఆడుట లేదని, రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చున్నదని చెప్పినది. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే బండి దూరంలో ఉన్నది, గంట పైన పడుతుందన్నారట.

“బండి తొవ్వల ఆగుతది బిడ్డా” అన్నాను.

“ఆగితే ఆగనీ చిచ్చా. నువ్వున్నవ్ గద” అన్నది.

సకీనాబీ అప్పటికే బకెట్లో నీళ్లు, పాత తువ్వాలు తెచ్చి కారులో పెట్టినది.

అయ్యా, ఆ దినం కారు రెండుసార్లు ఆగినది. రెండుసార్లూ వానలో దిగి, బానెట్ లేపి, తువ్వాలు తడిపి సెన్సార్ మీద పెట్టి నిలబడినాను. స్వరూప నా మీద గొడుగు పట్టినది, ఆమె తడిసినది. రెండవసారి ఎంతకూ స్టార్టు కాలేదు. వెనుక సీటులో ఈదమ్మ రొప్పుతూ కూర్చొని, అద్దం దించి, “పైలంగ చేస్కో తమ్మీ. నాకేం తొందర లేదు” అన్నది. అరవై ఏళ్ల మనిషిని, వాన పడుతున్నది గనుక నా కంటి నీళ్లు వాళ్లకు కనబడలేదు.

మరల మరల తువ్వాలు తడిపి పెట్టగా చివరకు ఇంజను పలికినది, దవాఖానకు చేరినాము. ప్రతిసారి నాలుగు గంటలు ఉంచేవారు ఆ దినం ఐదున్నర గంటలు మిషను మీద ఉంచినారు. సాయంత్రానికి ఆమె ఛాయ్ అడిగినది. డాక్టరమ్మ వద్దన్నది గాని, అడిగినందుకు మేమందరం సంతోషించినాము.

మరునాడు నేనే రాజుతో సెన్సార్ మార్పించినాను. దాని ధర ఒక్క చెకింగ్ చార్జీ అంత కూడా లేదు. ఆనాటి నుండి ఆరు పర్యాయములు ఈదమ్మను తీసుకుపోయి తెచ్చినాను. ఒక్కసారి కూడా ఆగలేదు. వారంటీ పుస్తకం ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. దాని గురించి నేను ఫిర్యాదు చేయుట లేదు, తెలిసే చేసినాను.

8. కావున తమరితో వేడుకొనునది:

నా జాబ్ కార్డులోని చివరి లైనును వారి కంప్యూటర్లో కూడా కొట్టివేయించి, లోపం బండిదేనని ఒక కాగితం ఇప్పించవలెను. అది వారి వద్ద ఎప్పటికీ ఉంటుందట. నేను పోయిన తర్వాత కూడా అందులో నేను బండి నడుప రాని వాడినై ఉంటాను.

మూడు చార్జీలు తిరిగి ఇవ్వనవసరం లేదని రాయబోయినాను. సకీనాబీ కలం పట్టుకొని, ఎందుకు అవసరం లేదని అడిగినది. కావున అవి కూడా ఇప్పించవలెను.

ఊళ్ల నుండి వచ్చే బండ్లను, అవి ఏ వేడిలో ఆగుతున్నవో ఆ వేడిలోనే నడిపి చూడవలెనని, చూచుట తెలియనప్పుడు చూచినందుకు సొమ్ము తీసుకోరాదని షోరూం వారికి తాకీదు ఇప్పించవలెను. ఇది తమ అధికారంలో ఉన్నదో లేదో నాకు తెలియదు. ఎవరి అధికారంలో ఉన్నదో చెప్పినా, అక్కడికి పోతాను. తిరుగుట నాకు కొత్త కాదు.

ఇంతకంటే చెప్పుకొనుటకు నాకు మాటలు లేవు. మంచిచెడ్డలు తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఖాజా మియా
(లైసెన్సు ఇంకా చెల్లుబాటులోనే ఉన్నది)

జతపరచినవి: జాబ్ కార్డులు మూడు, బిల్లులు మూడు, ప్రశంసా పత్రం జిరాక్సు ఒకటి.

తా.క. ఇక్కడ ప్రజావాణిలో టోకెను తీసుకొని కూర్చున్న తర్వాత, ఒక బిల్లు మీద నంబరు చెరిగిపోయి ఉంటే, అడుగుటకు శ్రవణ్ కుమార్‌కు ఫోన్ చేసినాను. ఎందుకని అడిగితే అర్జీ సంగతి చెప్పినాను. ఫోను పట్టుకొని బయటికి నడిచినట్టు చప్పుడైనది. తర్వాత ఆ లైను తాను రాసినది కాదన్నాడు. కంప్యూటర్లో కంపెనీ వారే కొన్ని మాటలు పెట్టి ఉంచుతారట, అందులో ఒకటి నొక్కవలెనట. “ఇంకా గమనించవలెను” అనేది ఒక్కో బండికి రెండుసార్లే నొక్కనిస్తుందట. మూడవసారి, లోపం దొరికినదనైనా నొక్కవలెను, డ్రైవరు తప్పనైనా నొక్కవలెను. “మాకు దొరకలేదు అని నొక్కతందుకు అండ్ల జాగనే లేదు సార్. ఏదో ఒకటి నొక్కకుంటే బిల్లు బయటికి రాదు” అన్నాడు. నౌకరిలో చేరి ఎనిమిది నెలలే అయినదట. తన పేరు మాత్రం రాయవద్దని బతిమిలాడినాడు.

పేరు అప్పటికే రాసి ఉన్నది. కొట్టివేతలు ఉంటే అర్జీ చెల్లదని పక్కన కూర్చున్న ఆయన అంటున్నాడు. తిరిగి రాయుటకు సమయం లేదు, నా నంబరు దగ్గరికి వచ్చినది. అందుచేత తమరు చదువునప్పుడు ఆ పిల్లవాని పేరు వచ్చిన చోట జర విడిచి చదవండి.