కర్రిమేక గుమ్మపాలు

రాప్తాడు,
12-10-2003.

చిరంజీవి హేమకు అమ్మ ముద్దులతో, దీవెనలతో రాయునది. ఇక్కడ మనుషులం క్షేమం. మేకల సంగతి కింద రాస్తాను. నువ్వు, కడుపులోని బిడ్డ, అల్లుడు చల్లగా ఉన్నారని నమ్ముతాను.

ఉత్తరంతో నాయనే బెంగళూరు వచ్చాడేమిటని బెదరకు. చదవడం అయ్యేదాకా ఆయన్ను ఏమీ అడగకు, ముందు మజ్జిగ ఇవ్వు. బస్సులో ఏమీ తిని ఉండడు. అడిగితే తిన్నానంటాడు.

ఐదో నెలలోనూ అన్నం సహించడం లేదని రాశావు. ఎండబెట్టిన చింతచిగురు పంపాను, పప్పులో వేసుకో. అల్లుడి వంట ఉప్పుగా ఉంటోందని వెక్కిరించావు. నీకు వండిపెట్టే మొగుడు దొరికాడు, నాకు వండినదానికి వంకలు పెట్టే మొగుడు దొరికాడు. నోరు మూసుకుని తిను.

చుక్కి అడవి మందలో కలిసిందా అని అడిగావు. లేదు తల్లీ. శనక్కాయ చేలో కుక్కల నోటి నుంచి నాయన తప్పించి తెచ్చిన ఆ జింకపిల్లను, కర్రిమేక పాలతో నువ్వే సాకావు కదా. దాన్ని మందలో వదులుదామనే ఫారెస్టువాళ్ళు వచ్చారు. వెంట పశువుల డాక్టరమ్మ పద్మప్రియ కూడా వచ్చింది. ఇంట పెరిగిన జింక వల్ల అడవి జింకలకు జబ్బు అంటుకోకూడదని ముందు దాని రక్తం తీసింది. వల వేసి పట్టిన నాలుగు అడవి జింకలకూ, మన మేకలకూ తీసింది. అడవివాటిలో ఏమీ లేదట. చుక్కిలోనూ కర్రిమేకలోనూ మాత్రం, మేకలు నెలలు నిండకుండా ఈసుకుపోయే జబ్బు తగిలిన గుర్తులున్నాయట. చుక్కిని వేరే దడిలో ఉంచాం. సాయంత్రం జింకలు గట్టు మీదికి వస్తే చెవులు నిక్కించి చూస్తుంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొస్తుంది.

"పచ్చిపాలు ఎవురన్నా తాగినారా అక్కా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదమ్మా, కాగబెట్టే తాగుతాము" అన్నాను.

అబద్ధం చెప్పాను హేమా.

నువ్వు మూడో నెలలో ఇక్కడున్నప్పుడే కర్రిమేక ఈసుకుపోయింది. కడుపుతో ఉన్నదాని చెవిన అలాంటి మాట పడకూడదని, నువ్వు నిద్ర లేవకముందే చచ్చిన పిల్లను వామి వెనక పూడ్చేశాను. పిల్లను అమ్మేశామని నీతో చెప్పాను. ఆ మేక పాలే చుక్కికి పట్టాం. గుమ్మపాలు తాగితే బిడ్డకు బలమని, పితికిన చెంబు పితికినట్టే నీ చేతికీ ఇచ్చాను. మూతికి నురగతో "ఇంకొంచెం పొయ్యి మా" అన్నావు. పోశాను.

రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మొన్న డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "అంటుకొనుండొచ్చు, అంటుకోకనూ ఉండొచ్చు. అంటుకొనుంటే కడుపు నిలిచేది కష్టమక్కా. మందులుండాయి. ఆలస్యం చేయాకండి, మీ కూతురికి రక్తం పరీక్ష చేయించండి" అంది. చీటీ కూడా రాసిచ్చింది. అది ఈ కవరులోనే ఉంది.

ఫోనులో చెప్పాలనే నిన్న బూత్‌కు వెళ్ళాను. నీ గొంతు వినగానే "శనక్కాయ పీకుతాండామే" అని పెట్టేశాను. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. లేచి దండెం మీది పంచె తీసి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత "నువ్వు రాయి, నేను పోతా. ఆసుపత్రిలో బిడ్డ పక్కన మనోళ్ళు ఎవురన్నా ఉండల్ల" అన్నాడు.

నీ మీద ప్రేమతోనే దాచాను. తిట్టాలనుంటే తర్వాత తిట్టు, అన్నీ పడతాను. ఇప్పుడు ఉత్తరం మడిచి, నాయన మజ్జిగ తాగాడో లేదో చూసి, చెప్పులు తొడుక్కో తల్లీ.

ఇట్లు,
నీ అమ్మ
ఓబులమ్మ